మన బలమా? దేవుని బలమా?

ధ్యాన భాగము: 2 దినవృత్తాంతములు 14, 15, 16 అధ్యాయములు



మన బలమును నమ్ముకొనక దేవుని బలముమీద ఆనుకొనవలెనను మాట మన సంఘములలో వినబడని ఆదివారము లేదు. పెండ్లిలో చెప్పుదుము, సమాధియొద్ద చెప్పుదుము, పరీక్షకు పోవు పిల్లవాని తలమీద చేయి ఉంచి చెప్పుదుము. చేతులు మారి మారి అరిగిపోయిన నాణెముమీద అక్షరములు కనబడనట్లు, ఈ మాటలోని అర్థము కూడ చాలమందికి కనబడకుండ పోయినది. అందుచేత ఎవరికి తోచిన అర్థము వారు పెట్టుకొనుచున్నారు. సోమరి దానిని పని మానుటకు వాడుకొనును. పిరికివాడు తీర్మానము చేయకుండుటకు వాడుకొనును. సంఘ పెద్ద యొకడు తాను ముందుగానే నిశ్చయించుకొన్న పనిమీద దానిని ముద్రగా వేసికొనును. ఈ మూడవవాడే అందరికంటె ప్రమాదకరమైనవాడని నా అభిప్రాయము. ఏలయనగా, అటుపిమ్మట అతనితో వాదించువాడు దేవునితో వాదించినట్లే లెక్క.

కాబట్టి ఈ మాసము ఆ మాటను కొంచెము విప్పి చూతము. అందుకు నేను ఏర్పరచుకొన్నది ఆసా రాజు చరిత్ర. దావీదును గూర్చియు సొలొమోనును గూర్చియు ప్రసంగములు విననివారు లేరు గాని, ఆసా మన ప్రసంగపీఠములమీదికి అంతగా రాడు. అయితే దేవునిమీద ఆనుకొనుట యెట్టిదో, ఆనుకొనకపోవుట యెట్టిదో, ఈ రెండును ఒకే మనుష్యునిలో చూడవలెనన్న యెడల ఇతని చరిత్రకంటె తగినది లేదు.

ఆసా యూదా దేశమును 41 సంవత్సరములు ఏలెను. మొదటి పది సంవత్సరములు దేశము నెమ్మదిగా నుండెను. ఆ నెమ్మది కాలమున అతడు విగ్రహములను పడగొట్టించెను. అంతటితో ఊరకుండలేదు, ప్రాకారములును గోపురములును, గుమ్మములును అడ్డగడియలును గల పట్టణములు కట్టించెను. యూదాలోనుండి 3,00,000 మందిని, బెన్యామీనులోనుండి 2,80,000 మందిని సేనగా సిద్ధపరచెను. అప్పుడు కూషీయుడైన జెరహు 10,00,000 సైన్యముతోను 300 రథములతోను మారేషావరకు వచ్చిపడెను. ఆసా ఎదురు వెళ్లి, తన సేనను యుద్ధపంక్తులు తీర్చెను. అప్పుడు యెహోవాకు మొఱ్ఱపెట్టెను.

ఈ వరుసను గమనింపుడి. అతడు మొఱ్ఱపెట్టినప్పుడు ప్రాకారములు కట్టియే యున్నవి, సైనికుల చేతులలో ఈటెలును డాళ్లును ఉన్నవి. దేవునిమీద ఆనుకొనుచున్నాను గనుక మీరందరు ఇండ్లకు పోవచ్చునని అతడు సేనతో చెప్పలేదు. 5,80,000 మంది యున్నారు గనుక ప్రార్థన తరువాత చూచుకొందమనియు అనుకొనలేదు. బలముగలవాడైనను బలములేనివాడైనను సహాయము చేయుటకు దేవునికి భేదము లేదని అతడు ఒప్పుకొని, ఆయన నామమున ఆ సమూహముమీదికి వెళ్లెను. గోడ కట్టుట అవిశ్వాసము కాదు. గోడ కట్టియున్నది గనుక ఇక మోకాళ్లూనుట యెందుకు అనుకొనుటయే అవిశ్వాసము.

నారు పోసినవాడు నీరు పోయకపోవునా అని మన పల్లెలలో సామెత యున్నది. మంచి సామెతయే. గాని మడికి గట్టు వేయవద్దని అది ఎవనికిని చెప్పలేదు.

ఇక రెండవ భాగమునకు వత్తము. ఆసా ఏలుబడిలో 36వ సంవత్సరమున ఇశ్రాయేలు రాజైన బయెషా రామాను కట్టించి యూదాకు రాకపోకలు లేకుండ చేయబూనెను. వచ్చినవాడు కూషీయునివలె పది లక్షలతో రాలేదు, ఇరుగుపొరుగు రాజే. ఆసా యెహోవా మందిరములోనుండియు రాజనగరులోనుండియు వెండి బంగారములు తీసి, దమస్కులోనున్న బెన్హదదునకు పంపి, అతనిచేత బయెషా పట్టణములను వెనుకనుండి కొట్టించెను. బయెషా పని మానుకొని పోయెను. ఆసా జనులు రామాయొద్ద పడియున్న రాళ్లను, దూలములను మోసికొనివచ్చి, వాటితోనే గెబను మిస్పాను కట్టిరి.

యోచన ఫలించినది, ఇది మీరు మరువవద్దు. యూదావారు యుద్ధములో నిలువకయే శత్రువు తొలగిపోయెను. పైగా రెండు పట్టణములు కట్టుకొనుటకు సామాను దొరికెను. దర్బారులోని వారందరు రాజుగారి తెలివిని మెచ్చుకొనియుందురు. మనమైనను మెచ్చుకొందుము; ఆ సంవత్సరపు సంఘ నివేదికలో ప్రభువు ఆశీర్వదించెనని వ్రాసికొందుము కూడ! పని జరిగినది గనుక దేవుని బలముచేతనే జరిగియుండునని తలంచుట మనకు అలవాటు. పరిశుద్ధ గ్రంథము ఆ లెక్కను ఒప్పుకొనదు. జయము వచ్చినంతమాత్రమున అది దేవునిమీద ఆనుకొని పొందిన జయము కానక్కరలేదు.

అప్పుడు హనానీ అను దీర్ఘదర్శి రాజునొద్దకు వచ్చి, నీవు నీ దేవునిమీద గాక సిరియా రాజుమీద ఆనుకొంటివని చెప్పి, కూషీయుల దినమును జ్ఞాపకము చేసెను. ఆసా ఏమి చేసెను? కోపగించి దీర్ఘదర్శిని బందీగృహములో వేయించెను. ఆ దినములలోనే జనులలో కొందరిని బాధపరచెనని ఆ వచనము చివర ఒక్క చిన్న వాక్యమున్నది. చాలమంది దానిని చదివి దాటిపోవుదురు. నాకు మాత్రము ఈ చరిత్రయంతటికి అదే తాళపుచెవిగా కనబడుచున్నది. విగ్రహములు పడగొట్టినవాడు, మయకాను రాజమాత స్థానమునుండి తొలగించుటకును జంకనివాడు, ఒక ముసుగుకూడ వేసికొనక యెదుట నిలిచి మాటలాడిన దేవుని సేవకుని సహింపలేకపోయెను. దేవుని బలముమీద ఆనుకొనినవానికి తన తప్పు వినుటకు తీరిక యుండును. వానిని నిలువబెట్టునది వాని పేరు కాదు గదా. తన బలముమీద నిలిచినవాడు ఒక్క మాటకే ఊగిపోవును. ఊగిపోవువాడు ఎవరినో ఒకరిని గట్టిగా పట్టుకొని అణచవలసి వచ్చును.

39వ సంవత్సరమున ఆసా పాదములలో జబ్బు పుట్టి అది బహు బాధాకరమాయెను. అతడు ఆ రోగములో సహితము యెహోవాను విచారింపక వైద్యులనే ఆశ్రయించెనని వ్రాయబడియున్నది. ఈ ఒక్క వచనమును చేత పట్టుకొని, మందు మ్రింగుట అవిశ్వాసమని బోధించువారు మన పల్లెలలో సంచరించుచున్నారు. ఇందునుగూర్చి నేను మెత్తగా మాటలాడదలచుకొనలేదు. ఆ వచనము ఆసా వైద్యులయొద్దకు పోయినందుకు తప్పు పట్టుటలేదు, యెహోవాను విడిచినందుకు తప్పు పట్టుచున్నది. మందే పాపమైతే, యెషయా హిజ్కియా పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయుమని యెందుకు చెప్పెను? లూకా వైద్యుడై యుండియే పౌలునకు ప్రియుడుగా నుండెను. తిమోతి కడుపు జబ్బునకు పౌలు ఉపాయమును చెప్పెను.

క్షయరోగమునకు సాధారణముగా ఆరు నెలలు మానకుండ మందు వాడవలెను. రెండు నెలలకే దగ్గు తగ్గును, ఆకలి పుట్టును, ఒళ్లు చేయును. అప్పుడు బోధకుడెవడో వచ్చి, స్వస్థత కలిగినది, ఇక మాత్రలు పారవేసి విశ్వాసము చూపుమనును. రోగి నమ్మును. కొన్ని నెలలకు ఆ జబ్బే మరల తిరగబడును. ఈసారి మునుపటి మందునకు లొంగకపోవచ్చును. ఇంటిలోని పసిపిల్లలకును అంటవచ్చును. ఆ రోగి ఆనుకొనినది దేవుని బలముమీద కాదు, ఆ బోధకుని ధైర్యముమీద. బోధకుడు పొరుగూరికి పోయి అక్కడ మరల ప్రసంగించును. శవపేటిక వెంట నడువవలసినది ఆ యింటివారును ఊరి పాస్టరును. కాబట్టి ఈ మాసపత్రిక చదువువారిలో ఎవరైనను అట్టి మందు మీదనున్నయెడల, ప్రార్థించి మ్రింగుడి, మ్రింగి ప్రార్థించుడి. డాక్టరు చాలునని చెప్పువరకు మానవద్దు.

ఇక నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న మరియొకటి యున్నది. ఒక సాయంకాల కూటములో, ఆ దినమంతయు మిరపకోతకు పోయివచ్చిన ఒక సహోదరి నన్నిట్లడిగెను: “అయ్యగారూ, మా బలం మేం నమ్ముకోవద్దని చెబుతున్నారు. మాకున్నదే రెక్కల కష్టం. అదికూడా మాది కాదంటే ఇంక మాకేం మిగిలిందండీ?”

వేదపాఠశాలలో మాకు గ్రీకు మాటలు నేర్పిరి, ప్రసంగమును మూడు భాగములుగా విడదీయుట నేర్పిరి. ఈ ప్రశ్న ఏ పుస్తకములోను లేదు. గాని దీనికి జవాబు గిద్యోను చరిత్రలో నున్నదని నా నమ్మకము. మన ప్రసంగీకులు న్యాయాధిపతుల గ్రంథము 7వ అధ్యాయమును ఎంతో ఇష్టముతో బోధింతురు. 32,000 మందిలో భయపడిన 22,000 మంది వెళ్లిపోవుట, మిగిలిన 10,000 మంది నీళ్లయొద్ద 300 మంది యగుట, ఇశ్రాయేలు తన చేతిబలముచేత రక్షణ కలిగెనని అతిశయపడకుండునట్లు దేవుడు ఈలాగు చేయుట. ఇదంతయు సత్యమే. గాని 7వ అధ్యాయమునకు ముందు 6వ అధ్యాయమున్నది. అక్కడ గిద్యోను మిద్యానీయుల భయముచేత గానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుచుండెను. తన పండిన పంటను తానే దొంగవలె దాచుకొనువాడు! తన కుటుంబము మనష్షేలో ఎన్నిక లేనిదనియు, తన తండ్రి యింటిలో తాను అందరికంటె అల్పుడననియు చెప్పుకొనువాడు. అట్టివానిని దేవదూత శూరుడా అని పిలిచెను. నీకున్న ఈ బలముతోనే వెళ్లుమని దేవుడు సెలవిచ్చెను. నీకు బలము లేదని ముందు చెప్పలేదు, నీకు బలమున్నదని ముందు చెప్పెను. జనము ఎక్కువయైరను మాట సేన కూడిన తరువాత వచ్చిన మాట.

తరతరములుగా నీవు ఎందుకును కొరగానివాడవని ఊరివారిచేత చెప్పించుకొన్న మన జనులకు, ఆదివారము నాడు పాస్టరు కూడ లేచి అదే మాటను వాక్యము పేరిట చెప్పనక్కరలేదు. అది సువార్త కాదు. ఆ సహోదరితో నేను చెప్పినదిది: “అమ్మా, నీ రెక్కల కష్టం నీదికాదని నేను అనటంలేదు. అది దేవుడు నీకిచ్చిన సొత్తు. ఆసామిది కాదు, అప్పులవాడిది కాదు. వాళ్లు నీ దగ్గర పని తీసుకుంటారు, కూలి సరిగా ఇవ్వాలి. నీ ఒంట్లో సత్తువ తగ్గిన రోజున కూడా ఆయన నిన్ను వదలడు. ఆయన మీద ఆనుకోవటమంటే అదే.” ఆమె కొంతసేపు ఊరకుండి, “అయితే ఆ మాటే చెప్పండి అయ్యగారూ, అందరికీ” అనెను. అందుకే ఇక్కడ వ్రాయుచున్నాను.

మరి బలము దేవునిదైతే పని ఎవరిది? పండితులు దీనినిగూర్చి చాల గ్రంథములు వ్రాసిరి. మన పెద్దలు పూర్వము అణాలతో లెక్క చెప్పెడివారు: పది అణాలు దేవునిది, ఆరు అణాలు మనది అని. పౌలు అట్లు పంచలేదు. అపొస్తలులందరికంటె తాను ఎక్కువ ప్రయాసపడితినని కొరింథీయులకు సంకోచము లేకుండ వ్రాసెను. ఆ వాక్యములోనే, ప్రయాసపడినది తాను కాదు, తనకు తోడైయున్న కృపయే అనెను. పదహారు అణాల పనియు పౌలుదే, పదహారు అణాలును కృపదే. లెక్కల పుస్తకములో ఇది తప్పు. పొలములో కాదు. మార్కు సువార్త 4వ అధ్యాయములో ప్రభువు చెప్పిన సేద్యగానిని చూడుడి. అతడు విత్తును, నిద్రించును, లేచును. విత్తనము ఎట్లు పెరుగునో అతనికే తెలియదు. విత్తినది మాత్రము అతడే. నారు పోసినవాడు రాత్రి మడి గట్టున కూర్చుండి మొలకను చేతితో పైకి లాగడు. లాగినయెడల ఉన్నదియు పోవును.

ఈ లాగుటనుగూర్చియే నా మనస్సులో నున్నది చెప్పవలెను. మన చేతిలో ఏ బలము లేనప్పుడు దేవునిమీద ఆనుకొనుట కష్టమైనను, దారి ఒక్కటే గనుక తెలియును. మన చేతిలో బలమున్నప్పుడు, అనగా డబ్బు, అధికారము, ఇతరులకు మనవలన కలుగు అవసరము ఉన్నప్పుడు, ఆ బలముతో మనుష్యులను దేవునివైపునకు లాగుటకు చేయి దురదపెట్టును. దానిని ఆపుకొనిన ఒకరి చరిత్ర మన తెలుగు దేశములోనే జరిగియున్నది.

నెల్లూరులో 1840లో శామ్యూల్ డే దొరగారు ఆరంభించిన బాప్టిస్టు మిషను ఎన్నో సంవత్సరములు ఫలము చూడలేదు. 1853లో అమెరికాలోని మిషను పెద్దలు దానిని మూసివేయుటనుగూర్చియే ఆలోచించిరి. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండమీద ఐదుగురు మోకరించిరి: జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఒంగోలునకు ఒక సేవకుని పంపుమని వారడిగిరి. ఆ కొండకు నేటికిని ప్రార్థన కొండ యనియే పేరు. వారడిగిన సేవకుడు జాన్ క్లౌ దొరగారు ఒంగోలునకు వచ్చినది 1866లో. పండ్రెండు సంవత్సరములు!

1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరవు వచ్చెను. లక్షలమంది చనిపోయిరి. క్లౌగారు అమెరికాలో భూమి కొలతల పని చేసినవారు. కరవు పనిగా అప్పుడు త్రవ్వబడుచున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు తానే కాంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి దొరకునట్లు చేసెను. తెలుగు బోధకులు మేస్త్రీలైరి. పని విరామములో వారు ఆ జనులతో కూర్చుండి క్రీస్తును గూర్చి చెప్పుచుండిరి. ప్రార్థన కొండ చరిత్రను నమ్మినవాడు కాలువ త్రవ్వించుట అవిశ్వాసమని తలంచలేదు. ఆసా పంక్తులు తీర్చినట్లు ఆయన కొలత గొలుసు పట్టెను.

అనేకులు బాప్తిస్మమియ్యుమని అడుగసాగిరి. అప్పుడాయన బాప్తిస్మములను ఆపివేసెను. సంవత్సరమునకు పైగా ఎవరికిని ఇయ్యలేదు. ఏలయనగా కూలి ఇచ్చు చేయియు బాప్తిస్మమిచ్చు చేయియు ఒకటే యైనప్పుడు, వచ్చువాడు దేనికొరకు వచ్చుచున్నాడో వానికే తెలియకపోవచ్చును. మిషను పని వృద్ధిచేయుటకు అంతకంటె అనుకూలమైన కాలము రాదు. వేలకొలది పేర్లు పట్టీలో వ్రాసి అమెరికాకు పంపవచ్చును. ఆ బలము ఆయన చేతిలోనే యుండెను. ఆయన దానిని వాడలేదు. అన్నము అన్నముగానే పెట్టెను.

సహాయపు సొమ్ము ముగిసిన తరువాత, 1878 జూన్‌లో, జనులు మరల వచ్చిరి. ఇక ఇచ్చుటకు ఏమియు లేదని తెలిసియే వచ్చిరని క్లౌగారి సాక్ష్యము. వారిలో అత్యధికులు మాదిగ పేటలవారు. జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినది క్లౌగారు కారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, వంతులు మార్చుకొనుచు ఇచ్చిరి.

వారందరు కూటికొరకే చేరిరని నాడును అనినవారున్నారు, నేడును అనువారున్నారు. కరవు చూడని నోటితో ఆ మాట అనుట సులభము. ఆ 2,222 మంది హృదయములను నేను చూడలేదు, అనువారును చూడలేదు. చూడగలిగినది ఒక్కటే: ధాన్యము తన చేతిలో నున్నంతకాలము ఒక మనుష్యుడు ఆ నదిలోనికి ఎవరిని దింపలేదు.

ఈ మాసపు గృహ ప్రార్థనలలో 2 దినవృత్తాంతములు 16వ అధ్యాయము చదువువారు హనానీ మాటలతో ఆపివేయక, రాజు అతనిని ఏమి చేసెనో, ఆ దినములలో జనులలో కొందరిని ఏమి చేసెనో, ఆ వచనమువరకు చదువవలెనని కోరుచున్నాను. సంఘ కమిటీ కూడుకొను దినమున చదువుకొనినయెడల మరి మంచిది.